యోనా వీపు మీద కొండలు

1948 జూన్ 20

పెద్ద వార్త! ఈ రోజు నా మీద రెండు తాబేళ్ళు నడిచాయి.

నాన్నా అత్తయ్యా ఆరాధనకు వెళ్ళిన అదను చూసి పక్కింటి షాహీదా గోడ దూకి వచ్చింది. దుపట్టా కొంగున ఏదో మూట.

"కండ్లు మూస్కో కృపా. మూస్కున్నవా? దొంగసూపు సూడొద్దు."

నా పొట్ట మీద, అంటే పిండికట్టు మీద, ఏదో పెట్టింది. బరువు తెలియలేదు. కాని కట్టు లోపల, పక్కటెముకల దగ్గర, గర్ గర్ మని చప్పుడు. పక్కింటివాళ్ళెవరో గోడ గీకుతున్నట్టు. చంకల నుంచి తుంటి దాకా నన్ను ఈ కట్టులో బిగించి పడుకోబెట్టి ఏడాది దాటింది. ఇన్నాళ్ళలో దీని మీద ఎవరూ నడవలేదు! నవ్వొచ్చింది. కట్టులో గట్టిగా నవ్వితే ఊపిరాడదు. అయినా నవ్వాను.

కళ్ళు తెరిస్తే రెండు తాబేటి పిల్లలు. రూపాయి బిళ్ళ కంటె కాస్త పెద్దవి. షాహీదా వాళ్ళ నాన్న జాన్ సాహెబ్ గుర్రాలకు జీన్లు కుడతాడు. నిన్న తిరుమలగిరి గుర్రపుశాలల నుంచి వస్తుంటే రాళ్ళ మధ్య వాన నీళ్ళలో కొట్టుకుపోతున్నాయట. టోపీలో వేసుకుని తెచ్చాడట.

చిప్ప రాయిలా ఉంటుందనుకున్నాను. వేలితో నొక్కితే గోరు చివరలా వంగింది! వీపంతా బిళ్ళలు బిళ్ళలుగా ఉంది. ఒక్కో బిళ్ళ మీద పసుపు మరక, చుట్టూ నలుపు. తిప్పి చూస్తే పొట్ట మీద అడ్డంగా మడత. గుడ్డులో మడుచుకుని పడుకున్న మడత అయ్యుంటుంది. పెట్టెలోంచి తీసిన చీరలా.

అత్తయ్య వచ్చి చూసి గుమ్మంలోనే బైబిలు గుండెలకు అదుముకుంది.

"తాబేలు చొచ్చిన ఇల్లు, జప్తుకొచ్చే అమీనా చొచ్చిన ఇల్లు బాగుపడవే పిల్లా. బయట పారెయ్యి."

"ఇప్పుడు ఊళ్ళో ఏ ఇల్లు బాగుపడుతోందక్కయ్యా?" అన్నాడు నాన్న, రైలు గార్డు కోటు తొడుక్కుంటూ. "ఉండనివ్వు. దానికి మాత్రం తోడెవరున్నారు?"

ఉండనిచ్చింది!

జూన్ 28

పేర్లు పెట్టాం. నాది యోనా. చేప కడుపులో ఉండి కూడా ప్రార్థన చేసుకున్నవాడు. షాహీదాది చాంద్. నాది నా మంచం పక్కన బిస్కట్ల డబ్బాలో. దానిది వాళ్ళ పెరట్లో.

పొట్ట మడత పోయింది! చిప్ప గుండ్రంగా, నిండుగా లేచింది. బొడ్డు దగ్గరి చీలిక కూడా పూడుకుపోయింది. వారం రోజుల్లో ఇంత మార్పా? నేను ఏడాదిగా పడుకుని ఏం చేశాను?

జూలై 9

పందెం వేసుకున్నాం. ఎవరి పిల్ల తొందరగా పెరుగుతుందో చూడాలి.

నేను యోనాకు పాలలో నానబెట్టిన రొట్టె, నానిన శనగలు పెడుతున్నాను. నా వాటా పాలే లెండి, అత్తయ్యకు తెలియదు. షాహీదా చాంద్‌ను గడ్డిలో వదిలేసింది. అది పచ్చగడ్డి, బీరపాదు ఆకులు కొరుక్కుంటూ, వానలో తడుస్తూ తిరుగుతుందట.

"గట్లయితే నువ్వు ఓడిపోతవ్" అన్నాను దాని యాసలోనే.

"సూద్దాం తియ్" అంది.

పాపం షాహీదా.

జూలై 17

డిసెంబరులో వేసిన ఈ కట్టును డాక్టర్ మేబెల్ ఈ నెల మార్చాలి. నా వెన్నుపూసల్లో రెండింటికి క్షయ పట్టింది కనక కదలకుండా ఉంటేనే ఎముక అతుకుతుంది, కట్టు బిగువు కాకుండా ఆరేడు నెలలకోసారి మార్చాలి అని ఆమే చెప్పింది. మేలో తల్లికి జబ్బు చేసిందని గుంటూరు వెళ్ళింది. ఇప్పుడు నిజాం రాజ్యం సరిహద్దు దాటి బండ్లు సరిగ్గా రావడం లేదు. మందులూ రావడం లేదు. కట్టు పిండి కూడా ఆసుపత్రిలో లేదని నాన్న కనుక్కొచ్చాడు.

నాకేమీ తొందర లేదు. ఈ కట్టు బాగానే ఉంది.

జూలై 30

దొరికింది! దొరికింది! తాబేలు ఎలా పెరుగుతుందో నాకు దొరికింది!

ఇన్నాళ్ళూ ఒక్కో బిళ్ళా మొత్తంగా పెద్దదవుతుందనుకున్నాను, పూరీ ఉబ్బినట్టు. కాదు. ప్రతి బిళ్ళకూ చుట్టూ అంచున సన్నటి కొత్త వరస వచ్చింది. లేత రంగు. గోటితో తాకితే మెత్తగా ఉంది. మధ్యలో ఉన్న గరుకు బిళ్ళ మాత్రం గుడ్డులోంచి వచ్చిన నాటిదే. అంతే ఉంది. ఆ పుట్టిన బిళ్ళ కదలదు, పెరగదు, పోదు. కొత్తదంతా దాని చుట్టూ వస్తుంది. ఒక బిళ్ళకూ ఇంకో బిళ్ళకూ మధ్య అతుకు ఉంటుందే, పెరగడమంతా ఆ అతుకుల్లోనే!

ఇంకా ఉంది. మధ్య పసుపు మరకలోంచి గీతలు బయలుదేరాయి. కొత్త వరస మీదికి పాకుతున్నాయి. షాహీదాను కేకేశాను. అది వాళ్ళ అబ్బాను గోడ అవతలి నుంచే అడిగింది.

"పెద్ద తాబేళ్ళకు బిళ్ళ బిళ్ళకో చుక్క ఉంటది బిడ్డా, ఆకాశంల చుక్క లెక్క" అన్నాడు జాన్ సాహెబ్.

అంటే పుట్టుకతో చుక్క లేదు. పెరిగితేనే చుక్క.

ఈ సంగతి ఎవరికైనా చెప్పాలి. నాన్న డ్యూటీలో ఉన్నాడు. అత్తయ్యకు చెబితే "అన్నం చల్లారుతోంది" అంది.

ఆగస్టు 5

నొప్పి లేదు.

ఆగస్టు 14

యోనా గెలుస్తున్నాడు! చాంద్‌ను పక్కన పెట్టి చూశాం. మావాడు ఒకటిన్నర రెట్లున్నాడు. అంతేకాదు, వీపు మీద ప్రతి బిళ్ళా కొండలా లేచింది. వరసగా కొండలు! చాంద్ వీపు చదునుగా, బోర్లించిన గిన్నెలా ఉంది. షాహీదా యోనాను తిప్పి తిప్పి చూసి డబ్బాలో పెట్టేసింది. అసూయే అనుకుంటాను.

సాయంత్రం ప్రార్థనకు వచ్చిన పాటల మాస్టారు జ్ఞానశేఖర్ గారు యోనాను చూసి, నన్ను చూసి, "లూకా గారింట్లో రెండు తాబేళ్ళున్నాయే!" అన్నారు, నాన్న పేరు పెట్టి. అందరూ నవ్వారు. అందరికంటె నేనే ఎక్కువ నవ్వాను.

ఆకలి లేదు. అన్నం తినలేదు. ఉక్కపోత వల్ల.

ఆగస్టు 22

నొప్పి లేదు. కుడి తుంటి దగ్గర కట్టు అంచు కొంచెం ఒరుసుకుంటోంది, అంతే. చెబితే కట్టు పాడయిందంటారు. పాడయిందంటే ఎముక అతకలేదంటారు. అతకలేదంటే ఇంకో ఏడాది.

ఆగస్టు 26

యోనా చిప్ప మెత్తబడింది.

మొదటిరోజు మెత్తదనం వేరు. ఇది వేరు. పక్క అంచు నొక్కితే లోపలికి పోతోంది. చిప్ప అంచు పైకి మడుచుకుంటోంది. రెండు రోజులుగా తల బయటికి పెట్టడం లేదు. శనగలు ముట్టుకోవడం లేదు. షాహీదా చాంద్‌ను తెచ్చి నా చేతికిచ్చింది. చిన్నదే, కాని కొబ్బరిచిప్పలా గట్టిగా ఉంది.

"నాకు గా దినమే అనిపించింది" అంది. "నీది పెరుగుతలేదు కృపా, ఉబ్బుతుంది. ఎండ లేదు, వాన లేదు, గడ్డి లేదు. డబ్బల పెట్టి పాలువోస్తే ఏం గావాలె?"

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు ఖుషీగ ఉంటివి."

నాకు కోపం వచ్చింది. తర్వాత భయం వేసింది. డాక్టర్ మేబెల్ నాకు కూడా ఎండ రాసింది. రోజూ పొద్దున మంచం వాకిట్లో వేయించుకోమంది. నేనే ఒక్కరోజూ వెళ్ళలేదు. ఎండ నాకు పడదని చెప్పాను. పడకపోవడమేమీ లేదు. వాకిట్లో పడుకుంటే వీధిలో పోయేవాళ్ళందరూ చూస్తారు.

యోనాను ఒక్కడినే వదిలితే కాకి ఎత్తుకుపోతుంది. ఎవరో ఒకరు పక్కనుండి చూసుకోవాలి.

"అత్తయ్యా, రేపు నా మంచం వాకిట్లో వేయించు" అన్నాను.

అత్తయ్య చేతిలో చేట అలాగే ఉండిపోయింది.

ఆగస్టు 27

ఆకాశం! ఎంత పెద్దదో మరిచిపోయాను. గద్ద ఒకటి చుట్టూ తిరిగింది, రెక్క ఆడించకుండా. రైలు పట్టాల వైపు నుంచి పొగ వచ్చింది. ఎండ నా మోచేతుల మీద పడితే చక్కిలిగిలి పెట్టినట్టుంది. పిల్లలు గోడెక్కి చూశారు. ఒకడు "అక్కా, నువ్వు సిమెంటు మనిషివా?" అని అడిగాడు. "అవును, ముట్టుకో" అన్నాను. ముట్టుకుని పారిపోయాడు.

యోనా చాలాసేపు రాయిలా కూర్చున్నాడు. తర్వాత మెడ చాపి ఒక గడ్డిపోచ కొరికాడు. ఒకే ఒక్కటి! నేను అరిచిన అరుపుకు అత్తయ్య వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

పాలు మానేశాను. అంటే, యోనాకు.

సెప్టెంబరు 6

యోనా అంచు గట్టిపడుతోంది! నిజంగానే!

కట్టులోంచి కొంచెం వాసన వస్తోంది. చెమట.

సెప్టెంబరు 13

విమానాల చప్పుడు. ఇండియా సైన్యం సరిహద్దు దాటిందని అందరూ అంటున్నారు. వీధిలో ఒక్కరూ లేరు. నాన్న బండి కాజీపేటలో ఆగిపోయిందని స్టేషను నుంచి కబురొచ్చింది. అత్తయ్య తలుపులన్నీ వేసి కీర్తనలు చదువుతోంది. చదివిందే మళ్ళీ చదువుతోంది.

నాకు చలిగా ఉంది. ఈ ఉక్కలో.

సెప్టెంబరు 15

జ్వరంగా ఉంది కాని రాయాలి. రాయకపోతే నిద్ర పట్టదు.

పొద్దున షాహీదా గోడ దూకి వచ్చింది, కర్ఫ్యూ అయినా సరే. యోనాను నా మీద పెట్టబోయి ఆగిపోయింది.

"కృపా, చీమలు."

తుంటి దగ్గర కట్టు అంచు కిందికి ఎర్రచీమల బారు. పోతున్నాయి, వస్తున్నాయి. షాహీదా వంగి వాసన చూసింది. దాని ముఖం మారిపోయింది.

"ఎన్ని దినాలాయె నొప్పి?"

నొప్పి లేదనబోయాను. "జూలై నుంచి" అన్నాను.

"పాగల్! ఎందుకు చెప్పలే?"

"చెబితే ఇంకో ఏడాది పడుకోబెడతారు."

షాహీదా అత్తయ్యను పిలిచింది. అత్తయ్య చూసి నన్ను తిట్టలేదు. దానికే భయం వేసింది. ఎదురింటి పోర్టరు బిక్షం కర్ఫ్యూలోనే ఆసుపత్రికి పరిగెత్తి వచ్చాడు. డాక్టరు లేరు, కట్టు కోసే పనిముట్టు అలమారలో పెట్టి తాళం వేసి ఉంది, నర్సు ఒక్కతే ఉంది. ఆమె చెప్పి పంపిన మాట ఇంతే: పుండు పడితే కట్టు తెరవక తప్పదు, కాని పిల్లను లేపి కూర్చోబెట్టకండి, వీపు కింద సగం అలాగే ఉంచండి.

"మా అబ్బా తోలు కోస్తడు. గిది సుత కోస్తడు" అంది షాహీదా.

"మగవాడు ఎలాగే..." అంది అత్తయ్య.

అప్పుడు గోడ అవతలి నుంచి జాన్ సాహెబ్ గొంతు వినిపించింది. మా మాటలన్నీ విన్నట్టున్నాడు. "అమ్మా, నేను లోపలికి రాను. పరదా కట్టుండ్రి. బయట కూసుని చెప్త. నా బిడ్డ కోస్తది. దాని చెయ్యి నా చేతి కన్న హల్కా, తేలిక."

గుమ్మానికి దుప్పటి కట్టారు. అవతల జాన్ సాహెబ్ కూర్చున్నాడు. కత్తి లోపలికి ఇచ్చాడు. నా మీద గుడ్డ కప్పి, రెండు పక్కలా మాత్రం తెరిచి ఉంచారు.

"ముందుగాల సిర్కా పొయ్యి. గీత లెక్క పొయ్యి. నాననియ్యి."

పచ్చళ్ళకు దాచిన సిర్కా అంతా పోసింది అత్తయ్య. ఇల్లంతా పుల్లటి వాసన. నాకు మామిడికాయ గుర్తొచ్చి నోరూరింది, ఆ సమయంలో కూడా!

"మెత్తగయిందా? ఇప్పుడు కత్తి పండవెట్టి గియ్యి. పొడవకు. గీసిన కాడనే మల్ల గియ్యి. తొందర లేదు."

"అబ్బా, కింద గుడ్డ కనిపిస్తుంది."

"శాబాష్. గాడ ఆగు. గుడ్డను కత్తెరతోని కొయ్యి."

షాహీదా పెదవి కరుచుకుని గీస్తోంది. ముక్కు చివర చెమట బొట్టు నా చేతి మీద పడింది. అత్తయ్య నా తల పట్టుకుని "యేసయ్యా, యేసయ్యా" అంటోంది. అవతల జాన్ సాహెబ్ "యా అల్లా, నెమ్మది" అంటున్నాడు. మధ్యలో నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియదు. ఒక పక్క అయింది. రెండో పక్క అయింది. ముందు సగం డబ్బా మూతలా లేచింది.

గాలి! నా పొట్ట మీద గాలి! నిండా ఊపిరి పీల్చుకున్నాను. డిసెంబరు తర్వాత ఇదే మొదటి నిండు ఊపిరి. ఎంత పీల్చానంటే దగ్గొచ్చింది.

తుంటి మీద పుండు పెద్దదే. ఉప్పు వేసి కాచిన నీళ్ళతో కడిగినప్పుడు ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. నొప్పి. నొప్పి. నొప్పి. ఇదిగో, రాశాను.

వీపు కింద సగం అలాగే ఉంచారు. ముందు సగాన్ని మళ్ళీ పైన పెట్టి కట్టడానికి జాన్ సాహెబ్ అక్కడికక్కడే తోలు పట్టీలు కోసి, బకిళ్ళు కుట్టి ఇచ్చాడు. గుర్రపు జీను పట్టీలే. కావాలంటే వదులు, కావాలంటే బిగువు.

షాహీదా వెళ్తూ గుమ్మం దగ్గర కూలబడింది. చేతులు చూసుకుంది.

సెప్టెంబరు 18

నిజాం లొంగిపోయాడు. నిన్న సాయంత్రం రేడియోలో చెప్పారట. ఇవాళ మిలిటరీ బండ్లు మా ఊరు లష్కర్‌లోకి వచ్చాయి. వీధంతా కేకలు, జెండాలు. బిక్షం చిన్నపిల్లాడిలా గంతులేశాడు. నాకూ ఒళ్ళంతా పులకరింత. బండ్లు మళ్ళీ నడుస్తాయి, నాన్న వస్తాడు, డాక్టర్ మేబెల్ వస్తుంది!

జ్వరం తగ్గింది.

షాహీదా రాలేదు. వాళ్ళ తలుపులు వేసి ఉన్నాయి. పిలిచాను. పలకలేదు.

సెప్టెంబరు 19

ఇవాళ నేను చేసిన పని నేనే నమ్మలేకపోతున్నాను.

పొద్దున బిక్షం వచ్చి అత్తయ్యతో మెల్లగా చెప్పాడు. అవతలి గల్లీ కుర్రాళ్ళు ఇళ్ళు సోదా చేస్తున్నారట. జాన్ సాహెబ్ రజాకార్లకు కత్తి ఒరలు కుట్టాడని ఎవరో అన్నారట. ఇక్కడికీ వస్తారట. నిన్న ఆ గల్లీలో ఒక ముసలి దర్జీ దుకాణం లోపలికి పోయి కుట్టుమిషను విరగ్గొట్టారు, ఆయన్నీ కొట్టారు.

"అత్తయ్యా, నా మంచం వేయించు" అన్నాను.

"వాకిట్లోనే ఉన్నావు కదే."

"ఇక్కడ కాదు. జాన్ సాహెబ్ గుమ్మానికి అడ్డంగా."

అత్తయ్య నా వైపు చూసింది. వద్దంటుందనుకున్నాను. కొంగు బిగించి, "బిక్షం, ఆ కాళ్ళ వైపు పట్టుకో" అంది.

వీధిలో! అందరూ చూసే వీధిలో, తోలు పట్టీలతో, పిండికట్టుతో పడుకున్నాను. మంచం తలుపుకు ఆనించి ఉంది. లోపల ఎవరో ఊపిరి బిగబట్టినట్టు నాకు వినిపిస్తోంది.

నలుగురైదుగురు వచ్చారు. మా వయసువాళ్ళే. చేతుల్లో కర్రలు.

"అక్కా, జెర మంచం జరుపుండ్రి. లోపలికి పోవాలె."

"జరపకూడదు" అంది అత్తయ్య. "వెన్నెముక జబ్బు పిల్ల. కుదిపితే ప్రాణం పోతుంది. నువ్వు కుదుపుతావా నాయనా? రా, పట్టుకో. నీ పేరేమిటో చెప్పి పట్టుకో."

ఎవరూ పట్టుకోలేదు.

"గీడెందుకేసిండ్రు?" అన్నాడు ఇంకొకడు నన్ను చూడకుండా.

"ఎండ కోసం" అన్నాను. "డాక్టరమ్మ రాసింది. మా వాకిట్లో నీడ." మా వాకిలి నిండా ఎండ పరుచుకుని ఉంది. అందరికీ కనిపిస్తూనే ఉంది.

"గీయన రజాకార్లకు పట్టీలు కుట్టిండంట. లోపల ఏమున్నయో సూస్తం."

"నాకూ కుట్టాడు." దుప్పటి తీసి పట్టీలు చూపించాను. "మొన్న నేను కుళ్ళి చచ్చిపోతుంటే ఇవి కుట్టి బతికించాడు. ఇవి విప్పితే నేను రెండు ముక్కలుగా విడిపోతాను. విప్పుతావా?"

వాడు వెనక్కి అడుగేశాడు. ముఖం ఎర్రబడింది. ఏదో గొణుక్కున్నారు. తర్వాత వస్తామన్నారు. బిక్షం వాళ్ళ వెనకే గల్లీ చివరి దాకా నడిచాడు, మాట్లాడుతూ.

మేం కదల్లేదు. అత్తయ్య గుమ్మం అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరింది. వాళ్ళు మళ్ళీ రాలేదు. మధ్యాహ్నం అటుగా మిలిటరీ జీపు ఒకటి వచ్చి వెళ్ళింది.

చాలాసేపటికి తలుపు సందులోంచి జాన్ సాహెబ్ గొంతు వచ్చింది.

"బిడ్డా, మంచినీళ్ళు తాగుతవా?"

ముక్కు మీద తోలు ఊడేంత ఎండ తగిలింది. వెన్నముద్ద రాసింది అత్తయ్య.

సెప్టెంబరు 22

నాన్న వచ్చాడు!! గడ్డం పెరిగి ఉంది. అన్నీ విని, తిన్నగా జాన్ సాహెబ్ ఇంటికి వెళ్ళి చాలాసేపటికి తిరిగొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

అక్టోబరు 3

వానలు తగ్గాయి. యోనాను ఇవాళ తీరిగ్గా చూశాను.

కొండలు తగ్గలేదు. తగ్గుతాయని రోజూ వేలితో తడిమి చూస్తున్నాను, తగ్గినట్టే ఉందని కూడా అనుకున్నాను. లేదు. లేచినవి లేచినట్టే ఉన్నాయి. కాని ప్రతి కొండ అడుగునా కొత్త వరస వచ్చింది. అది చదునుగా ఉంది! గట్టిగా ఉంది! పసుపు గీతలు దాని మీదుగా తిన్నగా పోతున్నాయి. కొండ కింద మైదానం మొదలైనట్టు. ఒక బిళ్ళ మీద గీతలన్నీ కలిపి చూస్తే అవును, చుక్కే! కొంచెం వంకర చుక్క.

షాహీదా చూసి, "చాంద్ కన్న మంచిగున్నది. దీనికి కథ ఉన్నది" అంది. ఓడిపోయినవాళ్ళతో అలాగే మాట్లాడాలి కాబోలు.

అక్టోబరు 14

డాక్టర్ మేబెల్ వచ్చింది! గేటు దగ్గర ఆమె గొంతు వినగానే నేను ఏడ్చేశాను, ఆమె ఇంకా నన్ను చూడకముందే.

కట్టు తిప్పి తిప్పి చూసింది. "ఎవరు కోశారిది?"

షాహీదా నా మంచం వెనక దాక్కుంది. అత్తయ్య దాని చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. డాక్టరమ్మ ఆ చేతుల్ని తిప్పి చూసి, "కింద చర్మానికి ఒక్క గాటు లేదు. ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే పుండు ఎముకకు దిగేది" అంది. షాహీదా నేల చూపులు చూసింది. దాని చెవులు ఎర్రబడ్డాయి.

రేపు ఎక్స్‌రే తీస్తారు.

అక్టోబరు 16

అతికింది.

అతికింది! రెండు పూసలూ కలిసి ఒక్కటైపోయాయట. రోగం లేదు. ఇంకో ఏడాది లేదు!

తర్వాత డాక్టరమ్మ నాన్నను బయటికి వెళ్ళమని, నా పక్కన కూర్చుని, నా చెయ్యి తీసి నా వీపు మీదే పెట్టింది. "ఇక్కడ కొంచెం గూని ఉంటుంది దేవకృపా. ఇది పోదు. నీతో అబద్ధం చెప్పను."

తడిమాను. నిమ్మకాయంత ఉంది. గట్టిగా ఉంది. ఇన్నాళ్ళూ నా కిందే ఉంది, నాకు తెలియదు. తెలుసు. తెలియదనుకున్నాను.

"జాకెట్టు వేసుకుంటే కనిపిస్తుందా?"

"తెలిసినవాళ్ళకు కనిపిస్తుంది."

ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది. పైన తేదీ మాత్రం ఆ రోజుదే ఉంచాను.

అక్టోబరు 29

పిండికట్టు ఇక లేదు. బదులు తోలు నడుంకట్టు. డాక్టరమ్మ బొమ్మ గీసి ఇచ్చింది, జాన్ సాహెబ్ కుడుతున్నాడు. గుర్రపుశాలల పని పూర్తిగా ఆగిపోయింది, అన్న దగ్గరికి రాయచూరు పోతామేమో అని షాహీదా ఒకసారి అంది. మళ్ళీ అనలేదు. నేనూ అడగలేదు.

కొలతలు షాహీదా తీసుకుంది. వీపు దగ్గర టేపు ఆగింది. దాని వేలు ఆ గడ్డ మీద ఆగింది. తీసెయ్యలేదు.

"ఇక్కడ లోపలి తోలు మెత్తది పెట్టమని చెప్త. ఒరుసుకోదు" అంది. అంతే. నాకు అది చాలు.

నవంబరు 14

ఇవాళ ఆరాధన అయ్యాక డాక్టరమ్మ వచ్చింది. నన్ను నిలబెట్టడానికి!

నడుంకట్టు తొడిగి, తాళ్ళు బిగించి, ముందు మంచం మీద కూర్చోబెట్టారు. గది గిర్రున తిరిగింది. కాళ్ళు కింద వేలాడుతుంటే నావి కావనిపించింది. ఒక పక్క నాన్న, ఒక పక్క షాహీదా. జాన్ సాహెబ్ వాకిట్లో నిలబడి "బకిల్ చూడు, బకిల్ చూడు" అంటున్నాడు.

"ఇప్పుడు లే" అంది డాక్టరమ్మ.

లేచాను.

నేల చల్లగా, గరుకుగా, ఎంత బాగుందో! పడిపోతాననుకున్నాను. పడలేదు. షాహీదా "నిలబడ్డది! నిలబడ్డది!" అని గట్టిగా అరిచింది. నాన్న గడ్డం నా కళ్ళకు ఎదురుగా ఉంది. ఇదివరకు నాన్న చొక్కా రెండో బొత్తాం ఉండేది అక్కడ.

అత్తయ్య ఎక్కడుందా అని వెతికాను. ఎదురుగానే ఉంది. నేను చాలా పైకి చూస్తున్నాను, అందుకే కనిపించలేదు. ఏడాదిన్నరగా ఆమె గడ్డం, ముక్కు, వంగినప్పుడు ఊగే గొలుసు, ఇవే నాకు తెలిసిన అత్తయ్య. ఇంటి కప్పంత ఎత్తున ఉండేది. ఇప్పుడు ఆమె పాపిట నాకు పైనుంచి కనిపిస్తోంది. పాపిట పొడుగునా వెంట్రుకలు తెల్లబడిపోయాయి.

"ఇంత పొడుగు ఎప్పుడయ్యావే?" అంది అత్తయ్య, తల బాగా వెనక్కి వంచి.